ఈలల్లో మునిగిన డైలాగు

హాలు పక్షం: పది పన్నెండు మంది వీరులు ఒకే తెర మీదికి వచ్చే సినిమాను మొదటి రోజే, నిండిన హాల్లో చూడాలి. నెల తర్వాత ఇంట్లో చూస్తే కథ తెలుస్తుంది కానీ సినిమా చూసినట్టు కాదు. ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ 2019 ఏప్రిల్ 26న వచ్చింది. అందులో కెప్టెన్ అమెరికా చేతిలోకి థోర్ సుత్తి ఎగిరి వచ్చే ఘట్టం ఉంది. ఆ క్షణంలో అమెరికా హాళ్లలో లేచిన అరుపులను ఎవరో రికార్డు చేస్తే అవి ఫోన్లలో ప్రపంచమంతా తిరిగాయి. అక్కడివాళ్లకు అదొక విశేషం. హీరో ఎంట్రీకి ఈల వెయ్యడం, కాగితం ముక్కలు ఎగరెయ్యడం, పక్క సీట్లోని ముక్కూమొహం తెలియనివాడి భుజం మీద చెయ్యి వెయ్యడం తెలుగు ప్రేక్షకుడికి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఇలాంటి సినిమా కోసం ముందే తయారై కూర్చున్న ప్రేక్షకులు హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్ట హాళ్లలో ఉన్నారు.

కథ పక్షం: అరుపు నిజమే, అందులోని ఆనందమూ నిజమే. ఆ అరుపు కింద ఏం పోయిందో కూడా చెప్పుకోవాలి. సుత్తి కెప్టెన్ చేతికి అందగానే థోర్ ఒక చిన్న మాట అంటాడు, నాకు ముందే తెలుసని. 2015 నాటి ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’లో కెప్టెన్ లాగినప్పుడు ఆ సుత్తి కాస్త కదిలింది, థోర్ మొహం మాడింది. నాలుగేళ్ల కిందట రచయితలు వేసిన ముడి ఆ ఒక్క మాటతో విడిపోతుంది. మొదటి రోజు హాల్లో ఆ మాట ఎంతమందికి వినపడింది? ఇంకాసేపటికి అవెంజర్స్ అందరినీ కూడగట్టే పిలుపు వస్తుంది. ఆ మాటను నటుడు క్రిస్ ఇవాన్స్ అరవడు, గొంతు బాగా తగ్గించి అంటాడు. ఆ ఘట్టం బలమంతా ఆ తగ్గించిన గొంతులోనే ఉంది. దాన్ని ఈలలు మింగేశాయి.

సినిమా నిడివి 181 నిమిషాలు. హోరెత్తే ఘట్టాలన్నీ కలిపినా అందులో కొంచెమే. మొదటి గంటంతా ఓడిపోయినవాళ్ల దుఃఖం. పొలంలో పిల్లకు బాణం వెయ్యడం నేర్పుతున్న తండ్రి అటు తిరిగి ఇటు తిరిగేలోగా కుటుంబమంతా మాయమైపోవడంతో సినిమా మొదలవుతుంది. హోరు కోసం వెళ్లినవాడు ఆ గంటను ‘ల్యాగ్’ అనేస్తాడు. ఆ గంట లేకపోతే చివరి హోరుకు కారణమే ఉండదు.

హాలు పక్షం: ఆ గంట బాగుందనడంలో తగాదా లేదు. ఈలల్లో మాట మునగడం మాత్రం తెలుగు ప్రేక్షకుడికి ఈనాటి నష్టం కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడుతుంటే కృష్ణ పాత్రధారి పద్యం అందుకుంటాడు, రాగం పూర్తికాకముందే చప్పట్లు మొదలవుతాయి, ‘వన్స్ మోర్’ అని కేక పడుతుంది. రాయబారం అక్కడ ఆగుతుంది. నటుడు మళ్లీ అందుకుంటాడు. దాన్ని రసభంగమని ఎవరూ అనలేదు. ప్రేక్షకుడు చొరబడటం ఆ నాటకంలో భాగమే అయింది.

కథ పక్షం: మీ ఉదాహరణలోనే తేడా ఉంది. వేదిక మీది నటుడికి చెవులున్నాయి. చప్పట్లు తగ్గేదాకా ఆగుతాడు, పోయిన పాదం మళ్లీ పాడతాడు. తెర మీది బొమ్మ ఎవరి కోసమూ ఆగదు.

హాలు పక్షం: ఆగుతుందండీ. ఎంతసేపు ఆగాలో ముందే లెక్కేసుకుని ఆగుతుంది. తెలుగు దర్శకుడు ఎంట్రీ షాట్ ఎలా తీస్తాడు? ముందు కాలు, తర్వాత చెయ్యి, తర్వాత వెనకనుంచి నడక, అదీ స్లో మోషన్లో, మాట లేకుండా, సంగీతం ఒక్కటే మోగుతూ. అదంతా ఈలల కోసం వదిలిన జాగా. ఎండ్‌గేమ్ చివరి యుద్ధంలోనూ అదే పని చేశారు. నలిగిపోయిన డాలుతో కెప్టెన్ ఒక్కడే నిలబడతాడు. వెనక గుండ్రటి వెలుగు ద్వారాలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. చచ్చిపోయారనుకున్నవాళ్లు ఒక్కొక్కరే బయటికి వస్తారు. అంతసేపూ మాటలు లేవన్నట్టే. ఆ ఘట్టాన్ని ఇంట్లో చూస్తే కాస్త సాగినట్టు అనిపిస్తుంది, హాల్లో చూస్తే అంత నిడివీ చాలదనిపిస్తుంది. అంటే ఆ సినిమా సౌండ్‌ట్రాక్‌లో ఒక పాయను ప్రేక్షకుల కోసం ఖాళీగా ఉంచారు. ఇంట్లో చూసేవాడికి ఆ పాయ లేని సినిమా దక్కుతుంది.

కథ పక్షం: ఈ వాదనకు బలముంది. ఇంట్లో ఆ ఘట్టం పలచబడుతుందని ఒప్పుకోవాలి. కానీ ఆ ఖాళీ ఎవరి కోసం వదిలారు? ప్రతి ద్వారం లోంచి వచ్చేదెవరో తెలిసినవాళ్ల కోసం. 2008 నాటి ‘ఐరన్ మ్యాన్’తో మొదలుపెట్టి లెక్కేస్తే మార్వెల్ సినిమాల వరసలో ఎండ్‌గేమ్ 22వది. ముందు 21 ఉన్నాయి. కొడుకు వెంట హాలుకు వచ్చిన తల్లి ప్రతి ఐదు నిమిషాలకూ “ఈయనెవర్రా?” అని అడుగుతుంది. కొడుకు మొదట చెబుతాడు, తర్వాత విసుక్కుంటాడు, చివరికి ఆమె అడగడం మానేస్తుంది. హాలంతా ఊగిపోతున్నప్పుడు ఆ ఒక్క సీటూ పరాయిదవుతుంది. హోరు అందరినీ కలుపుతుందంటారు. తెలియనివాళ్లను అదే హోరు వెలేస్తుంది కూడా.

దీని పక్కన 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ను పెట్టి చూడండి. అది కూడా మహామహులంతా చేరిన సినిమానే. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, ఎస్వీ రంగారావు, గుమ్మడి, రేలంగి, సీఎస్సార్, రమణారెడ్డి ఉన్నారు. కథంతా పాండవుల ఇంటి పెళ్లి గురించి. పాండవులు మాత్రం తెర మీద ఒక్కసారీ కనిపించరు! ఎవరూ వెతుక్కోలేదు, ఎవరికీ లోటు తెలియలేదు. ఎందుకంటే వాళ్లను ప్రేక్షకుడు ఇంటినుంచి వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మమ్మ చెప్పింది, హరికథలో విన్నాడు, తోలుబొమ్మల్లో చూశాడు. ఆ జ్ఞాపకానికి టికెట్ కొనక్కర్లేదు. మార్వెల్ సినిమాకు కావలసిన జ్ఞాపకాన్ని 21 టికెట్లు పెట్టి కొనాలి, లేదంటే ఓటీటీ చందా కట్టాలి.

హాలు పక్షం: జ్ఞాపకం చేతులు మారే తీరు అంత బిగుసుకుపోయి ఉండదు. అమీర్‌పేట సంగతే తీసుకుందాం. మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ లోపల, సత్యం థియేటర్ దారి పొడవునా కోచింగ్ సెంటర్లు, వాటిని ఆనుకుని హాస్టళ్లు. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి, అనంతపురం నుంచి వచ్చిన పిల్లలు పగలు జావా, టెస్టింగ్, స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకుంటారు. ఒక గదిలో నలుగురుంటారు. వాళ్లలో ఒకడు అన్ని భాగాలూ చూసి ఉంటాడు. సినిమాకు ముందు రాత్రి మిగతా ముగ్గురికీ మొత్తం చెప్పేది వాడే. ఎవరు ఎవరి కొడుకు, ఏ రాయి ఎవరి దగ్గరుంది, ఎవరెందుకు చచ్చారు, అన్నీ. మీరు చెప్పిన అమ్మమ్మ పని అక్కడ రూమ్మేట్ చేస్తున్నాడు.

పైగా తెలుగు డబ్బింగ్ వాళ్లకు ఇంకో తలుపు తెరిచింది. 2018 ఏప్రిల్ 27న వచ్చిన ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ తెలుగులో విలన్ థానోస్‌కు గొంతు ఇచ్చింది రానా దగ్గుబాటి. అంతకు దాదాపు ఏడాది ముందు, 2017 ఏప్రిల్ 28న, ‘బాహుబలి 2’లో భల్లాలదేవుడిగా ఆయన హాళ్లను గడగడలాడించాడు. థానోస్ నోరు తెరవగానే మార్వెల్ గురించి ఏమీ తెలియనివాడికి కూడా వీడెంతటివాడో గొంతే చెప్పేసింది. ముందటి సినిమాలు చూడని ప్రేక్షకుడికి అది అడ్డదారే. అయినా దారే కదా.

కథ పక్షం: మంచి దారే, కాదనడానికి లేదు. తెలుగు డబ్బింగ్‌ను చులకనగా చూసేవాళ్లు ఈ విషయం గమనించాలి. గొంతు ఎంపిక కూడా ఒక రకం అనువాదమే. కానీ ఒక విలన్ గొంతుతో మిగతా ఇరవై మంది చరిత్ర రాదు.

ఇంకో మాట. 2019 అక్టోబరులో దర్శకుడు మార్టిన్ స్కోర్సీజీ ఎంపైర్ పత్రిక ఇంటర్వ్యూలో మార్వెల్ సినిమాలను థీమ్ పార్కులతో పోల్చి పెద్ద రగడ లేపారు. అభిమానులు ఆయన మాటను ముసలాయన చాదస్తం కింద కొట్టేశారు. తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో ఆయన రాసిన వ్యాసం చదివితే ఆయన బాధ తెలుస్తుంది. ఈ సినిమాల్లో దేన్నీ పణంగా పెట్టరని, అన్నీ ముందే పరీక్షించి, సరిచూసి పంపిస్తారని ఆయన అభ్యంతరం. జెయింట్ వీల్ ఎక్కినవాడూ అరుస్తాడు, పక్కవాడి చెయ్యి పట్టుకుంటాడు. అరుపు వచ్చిందంటే కళ కూడా వచ్చినట్టేనా?

హాలు పక్షం: స్కోర్సీజీ మాటకు జవాబు మన దగ్గరే ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సురభి నాటకాలవాళ్లు ‘మాయాబజార్’ ఆడితే వేదిక మీద మంటలు లేస్తాయి, మనుషులు గాల్లో తేలతారు, ఘటోత్కచుడు మాయ చేస్తుంటే పిల్లలు బెంచీలెక్కి చూస్తారు. అదంతా తాళ్లతో, కప్పీలతో చేసిన పని. నూట నలభై ఏళ్లుగా ఆ కుటుంబాలు చేస్తున్నది వినోదమే, విస్మయమే. దాన్ని కళ కాదనే ధైర్యం ఏ తెలుగువాడికీ లేదు. ట్రిక్కు ఉన్నంత మాత్రాన కథ చచ్చిపోదు.

కథ పక్షం: సురభివాళ్లు ఆ రాత్రి కథను ఆ రాత్రే ముగిస్తారు. శశిరేఖ పెళ్లి చేసి, మంగళం పాడి, ప్రేక్షకుణ్ని ఇంటికి పంపిస్తారు. మిగతాది రెండేళ్ల తర్వాత వచ్చి చూడమని చెప్పరు. ఇప్పటి సినిమాకు ముగింపు లేదు. పేర్లు పడటం అయిపోయాక కూడా ఇంకో ముక్క కోసం జనం సీట్లలో కూర్చునే ఉంటారు. ఆ ముక్క తర్వాతి సినిమాకు ప్రకటన.

హాలు పక్షం: ఆ లోపం ఉంది. కాకపోతే ఇదే రూపాన్ని తెలుగువాళ్లు తమ జ్ఞాపకంతో నింపితే ఏమవుతుందో 2024 జూన్ 27న తెలిసింది. ‘కల్కి 2898 ఏడీ’. నాగ్ అశ్విన్ దర్శకుడు. నిడివి ఇంచుమించు ఎండ్‌గేమ్ అంతే. ప్రభాస్, అమితాబ్ బచ్చన్, కమల్ హాసన్, దీపికా పదుకొణె ఉన్నారు. సినిమా కురుక్షేత్రంతో మొదలవుతుంది. కృష్ణుడి ముఖం చూపించలేదు, అయినా ఆ ఆకారం కనపడగానే హాల్లో కొందరు చేతులు జోడించారు. అశ్వత్థామ నుదుటి మణి ఎందుకు పోయిందో, ఎందుకు చావు లేకుండా తిరుగుతున్నాడో పెద్దవాళ్లెవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

మీరు చెప్పిన ఆ తల్లి ఈసారి ప్రశ్న అడగలేదు. జవాబు చెప్పింది. “అశ్వత్థామంటే ఎవరమ్మా?” అని కొడుకు అడిగితే ఉపపాండవుల కథ ఇంటర్వెల్లో ఆమే చెప్పింది. ఎండ్‌గేమ్‌లో పరాయిదైన సీటు కల్కిలో పెద్ద కుర్చీ అయింది. మాయాబజార్‌లో పాండవుల్ని ఇంటినుంచి తెచ్చుకున్న ప్రేక్షకుడే అరవై ఏడేళ్ల తర్వాత మళ్లీ వచ్చాడు.

కథ పక్షం: ఆ తల్లి సంగతి చాలా బాగా చెప్పారు. అది కథ గెలిచిన చోటు, హోరు గెలిచిన చోటు కాదు. అదే సినిమాలో రాజమౌళి కనిపించగానే, రాంగోపాల్ వర్మ కనిపించగానే, అర్జునుడిగా విజయ్ దేవరకొండ ముఖం తెలియగానే లేచిన ఈలలున్నాయి చూశారూ, వాటికి భారతంతో పనిలేదు. అవి పరిశ్రమ కబుర్ల మీద లేచిన ఈలలు. కల్కిలోనూ రెండు జ్ఞాపకాలున్నాయి. ఒకటి తల్లిది, రెండోది అభిమానిది. మొదటి రోజు హాల్లో వినపడేది రెండోదే.

డబ్బు సంగతికి కూడా రావాలి. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో ఇచ్చిన జీవో ప్రకారం మల్టీప్లెక్స్‌లో మామూలు సీటుకు గరిష్ఠ ధర 250 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 295. కల్కి విడుదలప్పుడు మల్టీప్లెక్స్‌లో మరో వంద పెంచుకోవడానికి ఎనిమిది రోజులు అనుమతిచ్చారు. పన్నుతో 413 అయింది. నలుగురున్న ఇంటికి 1,652. పాప్‌కార్న్ కొనకుండానే. అదే సినిమా ఆగస్టు 22న, అంటే సరిగ్గా ఎనిమిది వారాలకు, ఓటీటీలోకి వచ్చేసింది. మొదటి రోజే చూడాలన్న సిద్ధాంతాన్ని మొదట పట్టుకున్నది అభిమానులు కాదండీ. టికెట్ ధరను మొదటి వారంలోనే పెంచుకునే వ్యాపారం అది. హోరుకు అలవాటుపడ్డ కుర్రాడు ఆ వ్యాపారానికి అందరికంటే తేలికగా దొరికే గిరాకీ. హాస్టల్లో మూడు పూటలా మెస్ భోజనంతో నెట్టుకొస్తూ, ఇంటినుంచి ఫీజు కోసం వచ్చిన డబ్బులోంచి 413 తీస్తాడు.

హాలు పక్షం: ధర విషయంలో మీతో వాదన లేదు. అందరూ కలిసి చూడాల్సిన సినిమాకు కొందరే కొనగలిగే ధర పెడితే హాలు పక్షం తన కాలు తానే నరుక్కున్నట్టు. అంతేకాదు, ధర పెరిగినకొద్దీ హోరు చస్తుంది. నాలుగు వందలు పెట్టి రిక్లైనర్లో వాలినవాడు ఈల వెయ్యడు. హోరు పుట్టింది నేల టికెట్లో. అమీర్‌పేటవాళ్లకు ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. ఒక్క తెరతో ఉన్న సత్యం థియేటర్ పోయి, ఆ స్థలంలో ఏషియన్ సంస్థ, అల్లు అర్జున్ కలిసి కట్టిన ఐదు తెరల ఏఏఏ సినిమాస్ 2023 జూన్‌లో తెరుచుకుంది. తెర, సౌండు, సీట్లు అన్నీ పాతదానికంటే ఎన్నో రెట్లు మేలు. కానీ ఒక ఊరేగింపులా ఉండే జనం ఐదు గదుల్లోకి విడిపోయారు.

అక్కడ మొదట పడ్డ బొమ్మ ‘ఆదిపురుష్’. ఆంజనేయస్వామి వచ్చి కూర్చుంటాడని ప్రతి హాల్లో ఒక సీటు ఖాళీగా ఉంచుతామని ఆ చిత్ర నిర్మాతలు ప్రకటించారు. దాన్ని ప్రచారమని తీసిపారేసినవాళ్లున్నారు. ఆ సీటుకు పువ్వులు పెట్టి దణ్ణం పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. హాలంటే తెలుగువాడికి ఏమిటో వాళ్లను చూస్తే తెలుస్తుంది.

కథ పక్షం: సీటుకు పెట్టిన దండ సినిమాను కాపాడలేదు. గ్రాఫిక్స్ మీద, మాటల మీద విమర్శలు ముంచెత్తాయి. హాలు ఎంత సిద్ధంగా ఉన్నా తెర మీద వస్తువు లేకపోతే ఏమీ లేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తెర అన్నారు కాబట్టి ఇంకో విషయం. ఇన్ఫినిటీ వార్, ఎండ్‌గేమ్ రెంటినీ పూర్తిగా ఐమాక్స్ డిజిటల్ కెమెరాలతో తీశారు. 2003లో ప్రసాద్స్ ఐమాక్స్ తెరతో దేశం దృష్టిని ఆకర్షించిన హైదరాబాద్‌లో, ఎండ్‌గేమ్ వచ్చేనాటికి ఐమాక్స్ తెర లేదు. పేరు మాత్రం జనం నోట్లో అలాగే ఉండిపోయింది. తీసినవాళ్లు ఉద్దేశించిన పూర్తి చట్రం కోసం ఎందరో అభిమానులు వేరే ఊళ్లకు వెళ్లి చూసి వచ్చారు. వాళ్లు ప్రయాణం కట్టింది బొమ్మ కోసం. గుంపు కోసమే అయితే హైదరాబాద్‌లో గుంపుకు కొరతేముంది?

హాలు పక్షం: వాళ్లు కూడా వెళ్లింది హాలుకే కదా, ఇంటికి కాదు. మూడు గంటలు ఫోన్ జేబులో పెట్టుకుని, చీకట్లో, పెద్ద తెర ముందు కూర్చునే క్రమశిక్షణ ఇంట్లో ఎవరికుంది? ఇంట్లో ఎండ్‌గేమ్ మొదటి గంట ఎలా సాగుతుంది? కుక్కర్ కూత, కొరియర్ బెల్లు, వాట్సాప్. మీరు ప్రేమించే ఆ దుఃఖపు గంటకు కూడా కాపలా కాసేది హాలే.

కథ పక్షం: ఒప్పుకోవాలి. కథ పక్షం ఇంటి పక్షం కాదు. రెండో వారం, మంగళవారం మ్యాట్నీకి, సగం నిండిన హాల్లో చూడమంటుంది. మాట వినపడుతుంది, తెర పెద్దదే, టికెట్ ధర మళ్లీ మామూలుకు వస్తుంది.

హాలు పక్షం: రెండో వారానికి రహస్యం మిగలదు. 2021 డిసెంబర్ 16న ‘స్పైడర్ మ్యాన్: నో వే హోమ్’ వచ్చింది, మర్నాడే ‘పుష్ప’. నగరానికి రెండు రోజులు వరసగా పండగ. టోబీ మగ్వైర్, ఆండ్రూ గార్ఫీల్డ్, టామ్ హాలండ్, ముగ్గురు స్పైడర్ మ్యాన్లూ ఒకే తెర మీదికి వస్తారా రారా అన్నదే ఆ సినిమాకు ప్రాణం. 2002లో బడిపిల్లలుగా మగ్వైర్‌ను చూసినవాళ్లు అప్పటికి ఉద్యోగస్తులు, తల్లిదండ్రులు. ఆయన తలుపులాంటి వెలుగులోంచి నడిచి రాగానే వాళ్లు అరిచింది మార్వెల్ కోసం కాదు, తమ చిన్నతనం కోసం. మీ రెండో మంగళవారానికి ఆ రహస్యం ప్రతి ఫోన్లోనూ ఉంది.

కథ పక్షం: ఆ ఒక్క రకం సినిమాకు మొదటి రోజే న్యాయం. ఆ హోరును తప్పు పట్టే మనసు రాదు. అయినా మొదటి రోజు పిచ్చి ఎంతదాకా పోతుందో చెప్పకుండా ఈ మాట ముగించలేం. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటర్. ‘పుష్ప 2’ ప్రీమియర్. ఆ ఆటకు టికెట్ మీద 800 రూపాయలు అదనంగా పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు, చిన్నపిల్లాడు, ప్రాణాపాయ స్థితిలో ఆస్పత్రి పాలయ్యాడు. కుటుంబమంతా కలిసి సంతోషంగా సినిమాకు వచ్చారు. మీరు చెప్పే కలిసి చూడటం కోసమే వచ్చారు.

హాలు పక్షం: దానికి జవాబు లేదు. ఉండకూడదు కూడా.

తర్వాత ఏం చేయాలన్న విషయంలోనే మాట్లాడగలం. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి డిసెంబర్ 21న శాసనసభలో ఇక బెనిఫిట్ షోలు, ధరల పెంపు ఉండవన్నారు. జనవరిలోనే ‘గేమ్ చేంజర్’కు పెంపు అనుమతి వచ్చింది, హైకోర్టు ప్రశ్నించాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. సమస్య హోరులో ఉందా, గేటు దగ్గర ఉందా అన్నది తేల్చుకోవాలి. తార హాలుకు వస్తే జనం ఎగబడతారు, కెప్టెన్ అమెరికా పంజాగుట్టకు రాడు. నెంబరు వేసిన సీటు, ఫోన్లో టికెట్, లోపలికో దారి, బయటికో దారి ఉన్నచోట, తారను చూడటానికి టికెట్ లేనివాళ్లు తోసుకురాని చోట, అదే హోరు ఎవరి ప్రాణమూ తియ్యదు. ఈ సూపర్‌హీరో సినిమాల వల్ల జరిగిన మంచి కూడా ఒకటుంది. ఒకప్పుడు మొదటి రోజు మొదటి ఆట అంటే మగపిల్లల సామ్రాజ్యం. అమీర్‌పేట లేడీస్ హాస్టళ్ల అమ్మాయిలు ఇప్పుడు గుంపుగా మెట్రో ఎక్కి, ఒక్క స్టేషన్ అవతల పంజాగుట్టలో దిగి, ఆ పక్కనే మాల్‌లో మొదటి రోజు చూసి వస్తున్నారు. వాళ్లూ ఈలలు వేస్తున్నారు.

కథ పక్షం: మ్యాట్నీకి, మొదటి ఆటకు వెళ్లగలరు. మూడు గంటల సినిమా రెండో ఆట వదిలేసరికి మెట్రో ఉండదు. అప్పుడు ఆటోవాడు అడిగినంత ఇవ్వాలి, హాస్టల్ గేటు దగ్గర వార్డెన్‌కు జవాబు చెప్పాలి. ఎండ్‌గేమ్‌ను దేశంలో కొన్నిచోట్ల రాత్రీ పగలూ ఆడించారు. ఆ అర్ధరాత్రి ఆటల్లో కూర్చున్నవాళ్లెవరు, కూర్చోలేనివాళ్లెవరు?

హాలు పక్షం: ఆ ప్రశ్న మెట్రోకు, పోలీసులకు, హాస్టళ్లకు వెయ్యాల్సింది. హాలుకు కాదు. ఇంట్లో చూడమని ఆ అమ్మాయికి సలహా ఇవ్వడం మాత్రం జవాబు కాదు.

కథ పక్షం: ఇంట్లో చూడమని ఎవరూ అనలేదు. తెల్లవారుజామున, అర్ధరాత్రి పెట్టే ఆటనే పరమావధి చెయ్యొద్దని అంటున్నది.

ఒక చివరి విషయం ఇంకా తేలలేదు, జ్ఞాపకం సంగతి. కల్కి చివర్లో ప్రభాస్ వేసిన భైరవుడే కర్ణుడని తెలిసే ఘట్టానికి హాళ్లు దద్దరిల్లాయి. వారం తిరగకముందే కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని పెద్ద గొడవ మొదలైంది. సినిమా కర్ణుణ్ని ఎత్తడానికి అర్జునుణ్ని తగ్గించిందని కొందరు బాధపడ్డారు. అశ్వత్థామ పేరు మొదటిసారి ఈ సినిమాలోనే విన్న పిల్లలు ఇప్పుడు లక్షల్లో ఉంటారు. వాళ్లకు ఇదే భారతం. మాయాబజార్‌కు ప్రేక్షకుడు జ్ఞాపకం తెచ్చాడు. కల్కినుంచి ప్రేక్షకుడు జ్ఞాపకం పట్టుకెళ్తున్నాడు. ఈలల మధ్య అందిన జ్ఞాపకంలో ఆలోచనకు, అనుమానానికి చోటుండదు. అందుకే మాట వినపడాలని ఇంత పట్టుదల.

హాలు పక్షం: కర్ణుణ్ని సినిమా ఎత్తడం కల్కితో మొదలవ్వలేదు. 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్టీఆర్ కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు మూడూ తానే వేసి, భారతంలో ఓడినవాళ్లకు హాళ్లలో జయజయధ్వానాలు ఇప్పించాడు. ఆ ఈలల్లో పెరిగిన తరం తిక్కనను చదవడం మానెయ్యలేదు. కల్కి చూసి వచ్చాక అర్జునుడి పక్షాన వాదించడానికి ఎంతమంది భారతం తెరిచారో ఆ వారం రోజుల గొడవలోనే కనపడింది. ద్రోణపర్వం ఏం చెప్పింది, కర్ణపర్వం ఏం చెప్పింది అని ఇరవై ఏళ్ల పిల్లలు పర్వాల పేర్లతో కొట్లాడుకున్నారు.

కథ పక్షం: కొట్లాడుకున్నారు, నిజం. తెరిచినవాళ్లు తెరిచారు. తెరవనివాళ్లు ఎందరో, వాళ్ల తల్లులకు ఇంటర్వెల్ పది నిమిషాలు సరిపోయాయో లేదో. ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ను 2026 డిసెంబర్ 18కి ప్రకటించారు. ఎక్స్‌మెన్ పాత నటులు, ఫెంటాస్టిక్ ఫోర్, అందరూ ఉంటారట. దానికి ఏ రూమ్మేట్ ఎన్ని రాత్రులు కథ చెప్పాలి?

హాలు పక్షం: ఎన్నైనా చెబుతాడు. నలుగురికీ కలిపి ఒకే వరసలో టికెట్లు తీసేది వాడే.

కథ పక్షం: మొదటి రోజుకా, రెండో మంగళవారానికా?

హాలు పక్షం: మొదటి రోజుకే. బాగుంటే రెండో మంగళవారానికి ఇంకోసారి, ఆ మాటలేవో వినడానికి.